నాన్నగారితో తీర్థన్‌కి ట్రౌట్ ట్రిప్: గైడ్‌తో ఫ్లై ఫిషింగ్ చేసినవాళ్లు కాస్త చెప్పండి

వైట్‌ఫీల్డ్ కొర్రమీను (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది భీమవరం పక్కన పల్లె, ఉద్యోగం వల్ల బెంగళూరులో సెటిలయ్యాం. చేపలు పట్టడం మా ఇంట్లో కొత్తేం కాదు. పంట కాలవ గట్టు మీద కూర్చుని వానపాము గుచ్చి కొర్రమీనుకీ జెల్లకీ గాలం వేస్తూ పెరిగినవాణ్ణే. మా నాన్నగారైతే రిటైరయ్యాక మధ్యాహ్నం భోజనం అవగానే కర్ర పట్టుకుని బయల్దేరేవారు, మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చి ఈ పన్నెండో అంతస్తులో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటున్నారు. మొన్న హిమాచల్‌లో తీర్థన్ నది మీద ట్రౌట్ అనే చల్లనీళ్ల చేపని ఫ్లై ఫిషింగ్‌తో, అంటే పొడుగాటి లైన్‌ని గాల్లో ఆడించి నకిలీ ఈగని నీళ్ల మీదకి విసిరి, పట్టే వీడియో ఒకటి చూపిస్తే, "ఇదేం కొరడారా, వీడు చేపని పడతాడా కొడతాడా" అని నవ్వారు. ఆ తర్వాత నుంచి అదే వీడియో రోజూ చూస్తున్నారు.

సరే తీసుకెళ్దాం అనుకున్నా. నెట్‌లో చూస్తే ఒక్కో గైడ్ ఒక్కో రేటు, ఒకరు చెప్పిన దానికి ఇంకొకరు రెండింతలు, ఎందుకో అడిగితే "ఎక్స్‌పీరియన్స్ సర్" అంటారు. ఏ నెలలో వెళ్లాలి, రాడ్ కొనుక్కోవాలా అక్కడ అద్దెకిస్తారా, గైడ్ లేకుండా మన పాత అనుభవంతో లాగించేయొచ్చా? నాన్నగారికి అరవై దాటాయి, మోకాళ్లు అంతంత మాత్రం, హిందీ "నహీ మాలూమ్" దగ్గర ఆగిపోతుంది. ఇంకొకటి, అంత దూరం కాకుండా మన సౌత్‌లోనే ఎక్కడైనా ఉంటే అదీ చెప్పండి.

ఎండిన సెలయేరు

ముందు సీజన్ సంగతి, ఎందుకంటే అది తప్పితే మిగతా డబ్బంతా దండగ. హిమాచల్‌లో ట్రౌట్ వేట నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా బంద్, చేపలు గుడ్లు పెట్టే కాలం. మార్చిలో తెరుస్తారు. మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. మే వచ్చేసరికి పైన మంచు కరగడం ఎక్కువై, పొద్దున తేటగా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి బూడిద రంగుకి తిరిగిపోతాయి, ఆ నీళ్లలో చేపకి మీ ఈగ, అంటే కొక్కేనికి కట్టిన నకిలీ పురుగు, కనపడదు. జూలై, ఆగస్టు అసలు వద్దు. 2023 జూలైలో కులు లోయలో వరదలు ఎలా వచ్చాయో టీవీలో చూసే ఉంటారు. మళ్లీ సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ అంతా నీళ్లు తగ్గి అద్దంలా ఉంటాయి. నన్నడిగితే నాన్నగారికి అక్టోబరే. చలి పొద్దునా సాయంత్రమే ఉంటుంది.

ఇక గైడ్ లేకుండా లాగించేయడం గురించి. భీమవరం అనుభవం పనికొస్తుంది కానీ ఓపిక వరకే. మన గాలంలో బరువు కొక్కెం దగ్గర, సీసం దగ్గర ఉంటుంది, దాన్ని విసిరితే దారం వెనకాలే పోతుంది. ఇక్కడ ఈగకి బరువే లేదు, రెండు ఈకలూ కాస్త బొచ్చూ కలిపి కట్టింది. బరువంతా లైన్‌దే, అంటే రాడ్‌కుండే ఆ లావాటి దారానిదే. లైన్‌ని వెనక్కి చాచి, అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు వేయాలి. ఆ ఆగడమే ఎవరికీ రాదు. అందరూ తొందరపడతారు, వెనకాల టప్‌మని శబ్దం వస్తుంది, చూసుకుంటే ఈగ ఊడిపోయి ఉంటుంది.

దాని తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, రాయి వెనక నీళ్లు నెమ్మదించిన చోట నిలబడి, పైనుంచి కొట్టుకొచ్చేది తింటుంది. కాబట్టి మీరు దాని వెనక నుంచి, అంటే దిగువ నుంచి ఎగువకి వేయాలి. ఈగ నీళ్లతో పాటు సహజంగా రావాలి. మధ్యలో ప్రవాహం లైన్‌ని లాగేస్తే ఈగ పక్కకి ఈడ్చుకుపోతుంది, చేప దాన్ని పట్టించుకోదు. అందుకని నీళ్ల మీద పడ్డ లైన్‌ని రాడ్ కొనతో ఎత్తి ఎగువ వైపుకి వంపు తిప్పి వేస్తుండాలి, దీన్ని మెండింగ్ అంటారు. నింఫ్ వేసినప్పుడైతే, అంటే నీళ్లలో మునిగే ఈగ, చేప అందుకున్నట్టు చేతికి తెలియదు. లైన్ చివర కొట్టుకొస్తూ కొట్టుకొస్తూ ఒక్క క్షణం ఆగుతుంది, అంతే, అప్పుడు రాడ్ ఎత్తాలి. ఈ ఆగడం చూపించడానికే గైడ్. మంచి గైడ్ మొదట గాలం ముట్టుకోనివ్వడు, నీళ్లలోంచి రాయి తీసి తిరగేసి చూపిస్తాడు. దాని అడుగున ఇసుక రేణువులు అతికించుకుని చిన్న గొట్టంలా కట్టుకున్న పురుగు ఉంటుంది, కాడిస్ లార్వా. చేప ఈ రోజు ఏం తింటోందో దాన్ని బట్టి ఈగ కడతాడు.

రేటు గురించి బెంగ పెట్టుకోకుండా ఇది అడగండి: ఫ్లై నేర్పుతారా, స్పిన్నింగేనా? అక్కడ చాలామంది స్పూన్ (మెరిసే లోహపు ఎర) వేసి, దాన్ని రీల్‌తో చుట్టి లాగే స్పిన్నింగ్ రాడ్‌తోనే పట్టిస్తారు, త్వరగా చేప పడుతుంది, కస్టమర్ ఖుషీ. ఫోటో చాలనుకుంటే అదే చేయండి. ఫ్లై కావాలంటే ముందే గట్టిగా చెప్పాలి. ఒక గైడ్‌కి ఇద్దరికి మించి ఉండకూడదు. మీరూ నాన్నగారూ సరిపోయారు. రాడ్ కొనకండి, మొదటిసారి అద్దెదే చాలు. అంతగా కొనాలనిపిస్తే 9 అడుగుల 5 వెయిట్ (లైన్ బరువుని బట్టి ఇచ్చే నంబరు), నాలుగు ముక్కలుగా విడదీసేది.

అడయార్ వాసి

అంత దూరం ఎందుకండీ, ఊటీ పక్కన అవలాంచిలో ట్రౌట్ ఉంది కదా, బెంగళూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. మా చెన్నై నుంచే మేం వెళ్తాం ఊటీకి.

ఎండిన సెలయేరు

అడయార్ గారూ, ఉంది, కాదనను. బ్రిటిష్ వాళ్లు 1900ల మొదట్లో నీలగిరుల్లో ట్రౌట్ వదిలారు, అవలాంచి హేచరీ, అంటే చేప గుడ్లు పొదిగించే కేంద్రం, అప్పటిదే. కానీ మంచి సెలయేళ్లు చాలావరకు ఇప్పుడు ముకుర్తి నేషనల్ పార్కు లోపల పడ్డాయి, అక్కడ గాలం వేస్తే ఫైన్‌తో వదలరు, వన్యప్రాణి చట్టం కింద కేసు. ఊటీకి ఊటీ కోసం వెళ్లండి. కావేరీ మీద మన దగ్గర భీమేశ్వరి, గాలిబోరె వైపు ఒకప్పుడు మహాసీర్ అనే పెద్ద నది చేపని పట్టేవారు, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవారు, అదీ అభయారణ్యంలో ఆపేశారు. ఆ మూపు మహాసీర్ 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది, ఆపడమే మంచిదైంది. కాబట్టి సౌత్‌లో చట్టబద్ధంగా, గైడ్‌తో, పారే నీళ్లలో ట్రౌట్ అంటే నేనైతే ఎవరికీ చెప్పను. కశ్మీర్ ఇంకా బాగుంటుంది, పహల్గాం దగ్గర లిద్దర్, కోకర్‌నాగ్ దగ్గర బ్రింగి. నదిని బీట్‌లుగా విడగొట్టి పర్మిట్ ఇస్తారు, మీ బీట్‌లో గుంపు ఉండదు. కాకపోతే అక్కడ సీజన్ సెప్టెంబర్‌తో ముగుస్తుంది. మీరు అక్టోబర్ అనుకుంటే తీర్థనే.

మారతహళ్లి మాంసాహారి

ఒక డౌట్. ఫ్లైట్ ఎక్కి, రాత్రంతా బస్సులో కూర్చుని, చలిలో నీళ్లలో నిలబడి చేపని పట్టి, ముద్దు పెట్టి వదిలేయడమా? మా అమ్మకి చెబితే పిచ్చాసుపత్రికి తీసుకెళ్తుంది.

ఎండిన సెలయేరు

హహ, మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. లైసెన్స్ మీద రోజుకి కొన్ని ఉంచుకోవచ్చు, సైజు నిబంధన ఉంటుంది, చిన్నది తప్పకుండా వదలాలి. కానీ చాలామంది గైడ్‌లు అన్నీ వదిలించేస్తారు. కారణం ఉంది, ట్రౌట్ అక్కడ పుట్టింది కాదు. 1900లో స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెప్పించి కశ్మీర్లో పొదిగించారు, 1909 ప్రాంతంలో కులుకి తెచ్చారు, పట్లికుహల్ హేచరీ ఇప్పటికీ నడుస్తోంది. చల్లటి నీళ్లలో నెమ్మదిగా పెరుగుతుంది, జానెడు చేప అవడానికే ఏళ్లు పడుతుంది, అందుకే పట్టినవన్నీ ఉంచేసుకుంటే నది ఖాళీ అవుతుంది. తినాలనుంటే ఆ లోయలో ట్రౌట్ ఫారాలు చాలా ఉన్నాయి, తాజాగా పట్టి వేయించి పెడతారు. ముల్లు తక్కువ, ఉప్పూ కారం పట్టించి ఆవనూనెలో వేయిస్తే మీ డౌట్ తీరిపోతుంది. నదిలోది వదిలేయండి, ఫారంలోది తినండి.

వదిలేటప్పుడు కూడా పద్ధతుంది. కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ముందే పట్టకారతో నొక్కేయాలి, అప్పుడు చేప నోరు చీలదు. చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి, పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడిపోయి తర్వాత జబ్బు పడుతుంది. సెల్ఫీ కోసం నిమిషాలకి నిమిషాలు గాల్లో ఆడించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కగ్గదాసపుర కాస్టింగ్

వెళ్లే ముందు ఇక్కడే ప్రాక్టీస్ చేయండి సర్. నీళ్లక్కర్లేదు, అపార్ట్‌మెంట్ లాన్ చాలు. ఈగ బదులు లైన్ చివర ఎర్ర ఊలు ముక్క కట్టండి, కొక్కెం మాత్రం కట్టొద్దు, పిల్లలు పరిగెత్తుకొస్తారు. పొద్దున్నే వాకింగ్ వాళ్లు రాకముందు, ఓ పదిహేను ఇరవై నిమిషాలు, ఇరవై అడుగుల దూరం చాలు, అక్కడ నదిలో కూడా అంతకంటే దూరం వేసే పని తక్కువే. మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, రాడ్‌ని గడియారంలో పదికీ రెండుకీ మధ్య మాత్రమే ఆడించాలి. నాన్నగారికి రోల్ కాస్ట్ నేర్పించండి, అది ముఖ్యం. తీర్థన్ ఒడ్డున చెట్లు మీదకి వంగి ఉంటాయి, వెనక్కి విసరడానికి జాగా ఉండదు. రోల్ కాస్ట్‌లో లైన్ వెనక్కి పోనవసరం లేదు, నీళ్ల మీంచే చుట్టలా దొర్లుకుంటూ ముందుకెళ్తుంది. కాకపోతే అది గడ్డి మీద సరిగ్గా రాదు, నీళ్ల పట్టు కావాలి. క్లబ్‌హౌస్ పూల్ ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోండి. మా సెక్యూరిటీ వాళ్లు నన్ను ఆపి "సార్, స్విమ్మింగ్ పూల్‌లో చేపలున్నాయా" అని కన్నడంలో సీరియస్‌గా అడిగారు.

నల్లగొండ టు నమ్మ మెట్రో

ఇంతమంది చెప్పారు గానీ నీళ్ల ప్రమాదం గురించి ఒక్కరూ చెప్పలేదు అన్నా. 2014 జూన్ 8 గుర్తుందా? మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు, పైన లార్జి డ్యామ్ గేట్లు తెరిచారు, ఫోటోలు దిగుతున్న వాళ్లకి పారిపోయే టైమ్ కూడా లేదు. ఆ లార్జి మీరు వెళ్లే దారిలోనే, ఔట్ అనే ఊరి దగ్గర. తీర్థన్ మీద పైన ప్రాజెక్టుల్లేవు, అక్కడి జనం పోరాడి ఆపించుకున్నారు, అందుకే ఆ నది ఇంకా అలా ఉంది. కానీ గైడ్ "ఇక్కడ చేపల్లేవు, పదండి బియాస్‌కి, సైంజ్ నదికి వెళ్దాం" అంటే డ్యామ్ కింద మాత్రం దిగొద్దు. దిగాల్సిందే అంటే గైడ్‌ని మార్చండి.

తీర్థన్‌లో కూడా పైన వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీళ్లు పెరుగుతాయి. నీళ్లలో ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొస్తున్నాయంటే ఒడ్డెక్కేయాలి. నాన్నగారిని మోకాలి లోతు దాటనివ్వకండి. రాళ్ల మీద నాచు ఉంటుంది, మన స్పోర్ట్స్ షూ జర్రున జారుతుంది, అడుగున ఫెల్ట్ (జారని మందపాటి ఉన్ని గుడ్డ) ఉన్న వేడింగ్ షూ, అంటే నీళ్లలో నడిచే బూట్లు, గైడ్ దగ్గర ఉన్నాయో లేదో ముందే అడుగు, నాన్న సైజు చెప్పు. చేతికో కర్ర. ప్రవాహానికి అడ్డంగా కాదు, కొంచెం ఏటవాలుగా దిగువకి నడవాలి. నీళ్ల మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లజోడు కూడా కొను, అడుగున రాయి కనపడుతుంది, చేప కూడా కనపడుతుంది, పైగా ఎవడైనా ఈగ తప్పు విసిరితే కన్ను మిగుల్తుంది.

వైట్‌ఫీల్డ్ కొర్రమీను

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. నాన్నగారికి అన్నీ చదివి వినిపించా. లార్జి మాట వినగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఎక్కడికీ వద్దు" అంది, తీర్థన్ పైన డ్యామ్‌ల్లేవని మ్యాప్ చూపించి ఒప్పించాల్సి వచ్చింది. అక్టోబర్‌కి ఫిక్స్. ఇద్దరు గైడ్‌లకి ఫోన్ చేసి "ఫ్లై నేర్పుతారా" అని అడిగితే ఒకాయన "స్పిన్నింగ్ ఈజ్ బెటర్ సర్" అన్నాడు, ఇంకొకాయన మాత్రం "పెద్దాయనకి ఏ చేతి వాటం" అని అడిగాడు. రెండో ఆయన్నే మాట్లాడుకున్నా, రేటు ఎక్కువే అయినా. లైసెన్స్, ప్రయాణం గురించి ఏమైనా చెప్పేదుంటే చెప్పండి.

ఎండిన సెలయేరు

సరైనవాణ్ణే పట్టారు. లైసెన్స్ ఫిషరీస్ శాఖది, మనిషికొకటి తీసుకోవాలి, ఆధార్ కాపీలు పెట్టుకోండి. గైడ్ తీసిస్తానంటాడు, సరే, కానీ కాగితం మీ జేబులో ఉండాలి, గార్డు అడిగేది మిమ్మల్ని. తీర్థన్ ఒడ్డున ఉన్న గుశైని ఊరు దాటి పైకి వెళ్తే గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు వస్తుంది, ఆ గేటు లోపలికి గాలం తీసుకెళ్లొద్దు, నడిచి చూసి రండి. కులు దసరా విజయదశమి నాడు మొదలై వారం నడుస్తుంది, ఆ వారం బస్సులూ రూములూ దొరకవు, అది అయ్యాక పెట్టుకోండి. కులు దగ్గరి భుంతర్ ఎయిర్‌పోర్టుకి విమానం వాతావరణాన్ని బట్టి రద్దవుతుంటుంది, నమ్ముకోకండి. ఢిల్లీ నుంచి మనాలి వోల్వో ఎక్కి ఔట్‌లో దిగితే తెల్లారేసరికి అక్కడుంటారు, అక్కడ నుంచి తీర్థన్ లోయలోని బంజార్‌కి టాక్సీ. నాన్నగారి మోకాళ్లకి రాత్రి బస్సు కష్టమనుకుంటే చండీగఢ్ దాకా విమానంలో వెళ్లి పగలు కారు మాట్లాడుకోండి. ఈగలూ కత్తెరా చెక్-ఇన్ బ్యాగులో వేయండి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర పారేయిస్తారు.