దేవుని కోసం కనిపెట్టుకోవడం (ఎదురుచూడడం) అంటే ప్రయత్నం మానేయడమా?

గిల్గాలు_7వరోజు:
అందరికీ వందనాలు. ఉద్యోగమైనా సంబంధమైనా దేవుడు తలుపు తెరిచేదాకా మనం ఆగాల్సిందే, దరఖాస్తు కూడా పెట్టకూడదు. నాది ఆ పక్షమే. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలును చూడండి. ప్రవక్త సమూయేలు గిల్గాలులో తన కోసం ఏడు రోజులు ఆగమన్నాడు, ఆగాడు. మిక్మషులో శత్రువులైన ఫిలిష్తీయులు దిగారు, జనం జారిపోయి చివరికి 600 మంది మిగిలారు. ఇక లాభం లేదని సమూయేలు అర్పించాల్సిన దహనబలి తానే అర్పించాడు. అర్పించడం అయిందో లేదో సమూయేలు రానే వచ్చాడు! ఒక్క పూట తొందరకి రాజ్యం పోయింది.

ఆసాపు_అడవి:
బ్రదర్, సౌలుకి ఆగమని ఆజ్ఞ ఉంది (1 సమూయేలు 10:8). దరఖాస్తు పెట్టొద్దని మీకెవరు ఆజ్ఞ ఇచ్చారు? అసలు కనిపెట్టడమంటే కన్నేసి ఉంచడం. పర్షియా రాజు కొలువులో ఉన్న నెహెమ్యా యెరూషలేము గోడ కూలి ఉందన్న కబురు కిస్లేవు నెలలో విన్నాడు, దాని గురించి రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. సుమారు నాలుగు నెలలు. కానీ రాజు "ఏం కావాలి" అనగానే తడుముకోలేదు. ఎన్నాళ్లకి తిరిగొస్తాడో చెప్పాడు, నది అవతలి అధికారులకి లేఖలు అడిగాడు, దూలాలకి మాను కోసం అడవి చూసే ఆసాపుకి ఇంకో లేఖ. పేరుతో సహా! ఆ నాలుగు నెలలూ ఉపవాసంతో పాటు లెక్క కూడా వేసుకున్నాడని నా ఉద్దేశం.

హాగరు_ప్రశ్న:
ఆజ్ఞ లేకపోతే కదలొచ్చంటే అబ్రాము సంగతేంటండీ? కనానులో 10 ఏళ్లయ్యాక, భార్య శారయికి బిడ్డలు లేక ఆమె దాసి హాగరును చేసుకున్నాడు. అప్పటికి కొడుకు నీకే పుడతాడన్న మాటే ఉంది (ఆదికాండం 15:4). శారయే (తర్వాతి పేరు శారా) కంటుందని తేలింది 17వ అధ్యాయంలో, ఆయనకి 99 ఏళ్లప్పుడు. ఏ ఆజ్ఞా మీరలేదు. అయినా ఇల్లు రెండుగా చీలింది.

ఆసాపు_అడవి:
నిజమే సిస్టర్, ఆజ్ఞ ఉందా లేదా అన్న నా కొలత చాలదు. అడిగారా లేదా అన్నది చూడాలి. ఆది 16లో శారయి మాట వినడం ఉంది, దేవుణ్ణి అడగడం లేదు. దావీదు రాజు రెఫాయీము లోయలోకి అదే ఫిలిష్తీయులు మళ్లీ వచ్చినా దేవుణ్ణి మళ్లీ అడిగాడు. మొదటిసారి దేవుడు యుద్ధానికి పొమ్మన్నాడు. రెండోసారి ఎదురెళ్లొద్దు, వెనక నుంచి చుట్టి, కంబళిచెట్ల కొనల్లో చప్పుడు వినబడ్డాకే కదలమన్నాడు.

బుట్టలో_కార్డు:
అడగడమంటే డిసెంబర్ 31 రాత్రి చర్చిలో బుట్టలోంచి వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసిన చీటీ) తీయడం కాదు. "తగిన కాలమున ఈ కార్యమును త్వరపెట్టుదును" అనే యెషయా 60:22 వస్తే ఈ ఏడే పెళ్లని లెక్కేస్తారు. అది సీయోనుకి, అంటే యెరూషలేముకి ఇచ్చిన మాట. పైగా "తగిన కాలమున" వదిలేసి "త్వరపెట్టుదును" ఒక్కటే పట్టుకుంటారు. మళ్లీ డిసెంబర్ వచ్చేసరికి దేవుడి మీద అలక.

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమన మన చేతిలో ఉన్నవి: బయోడేటా, సర్టిఫికెట్లు, ఫీజు గడువు. కుడిన లేనివి: అవతలివాళ్ల నిర్ణయం, రిజల్టు. ప్రార్థన రెండింటికీ, పని ఎడమవాటికే. కుడివైపుది ఎడమకి లాగాలనుకున్నప్పుడే దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పుడుతుంది. నెలకోసారి ఆ కాగితం సంఘ పెద్దకి చూపించండి, మన కళ్లకి మన తొందర ఆనదు.

గిల్గాలు_7వరోజు:
ఫీజు గడువు రేపే, మనసులో నెమ్మది లేదు. అప్పుడో?

బుట్టలో_కార్డు:
దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు, కట్టేయండి. ప్రధానం (నిశ్చితార్థం) అలా కాదు, దానికి నెమ్మది లేకపోతే ఆగండి. ఫీజు పోతుందేమోనన్న దిగులుని మాత్రం "దేవుడు వద్దంటున్నాడు" అనకండి.