అప్‌డేట్: రెండో పాడ్‌కి వాల్యూమ్ మౌంట్ కాని సమస్య తీరింది

కంటైనర్ యాప్‌లను నడిపే కుబర్నెటీస్‌లో వేరే నోడ్ (సర్వర్) మీదున్న రెండో పాడ్‌కి (యాప్ నడిచే యూనిట్) అదే వాల్యూమ్ (స్టోరేజీ) ఇస్తే మల్టీ అటాచ్ ఎర్రర్‌తో ఆగిపోతోందని అడిగాను కదా, అది తీరిపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

యాక్సెస్ మోడ్ (వాల్యూమ్‌ని ఎన్ని నోడ్‌లు ఎలా వాడొచ్చో చెప్పే సెట్టింగ్) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. నేను వాడింది బ్లాక్ డిస్క్, రీడ్‌రైట్‌వన్స్, అంటే ఒకసారికి ఒక్క నోడ్‌కే అటాచ్ అవుతుంది. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మీద నడిచే ఫైల్ స్టోరేజీకి మారి, రీడ్‌రైట్‌మెనీతో (చాలా నోడ్‌లు ఒకేసారి వాడొచ్చు) కొత్త పీవీసీ (స్టోరేజీ కావాలని పెట్టే రిక్వెస్ట్) పెట్టి, పాత డేటా కాపీ చేశాను. అప్పుడు మౌంట్ టైమవుట్ మొదలైంది, ఒక పూటంతా దానికే పోయింది, తీరా చూస్తే నోడ్‌ల నుంచి స్టోరేజీకి ఎన్ఎఫ్ఎస్ వాడే 2049 పోర్టు ఫైర్‌వాల్‌లో తెరిచి లేదు! తెరవగానే రెండు పాడ్‌లూ లేచాయి.

రీక్లెయిమ్ పాలసీ (పీవీసీ తీసేశాక వాల్యూమ్‌ని ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) మార్చడం, నోడ్‌లు రీస్టార్ట్ చేయడం వల్ల ఏమీ ఒరగలేదు. డేటాబేస్‌కి మాత్రం విడిగా బ్లాక్ డిస్కే ఉంచాను.