రిక్స్, రాజు, రాయలు: చుట్టాలేనా?

ప్రశ్న: రోమన్ సేనాని సీజర్ మీద తిరగబడిన గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) నాయకుడు వెర్కింగెటోరిక్స్. అలాగే డుమ్నోరిక్స్, అంబియోరిక్స్. అందరి పేర్లకీ చివర ఈ 'రిక్స్' ఏమిటండీ? మన 'రాజు'కి చుట్టమని ఒకాయన అన్నారు. నిజమేనా, చెవికి ఒకలా వినిపించేసరికి కలిపేశారా?

జవాబు: నిజమేనండీ. రిక్స్ అంటే రాజే. గాల్ ప్రజల 'రిక్స్', పాత ఐరిష్ 'రీ', వెల్ష్ 'రి' పక్కపక్కన పెట్టి చూసి, ఈ మూడు భాషలకీ తల్లి అయిన ఆది కెల్టిక్‌లో *రీక్స్ అనే మాట ఉండాలని తేల్చారు. ముందున్న నక్షత్రం గుర్తు చూశారుగా, ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, లెక్కగట్టి నిలబెట్టిందని దానర్థం.

ఇంకా వెనక్కి, కెల్టిక్, లాటిన్, సంస్కృతం అన్నిటికీ మూలమైన భాషకి వెళ్తే, ఈ మాటలో అచ్చు దీర్ఘ 'ఏ'. లాటిన్ 'రేక్స్'లో అది అలాగే ఉంది. సంస్కృత 'రాజన్'లో 'ఆ' అయింది. కెల్టిక్‌లో 'ఈ' అయింది.

ఆ 'ఈ'యే దొంగని పట్టిచ్చింది! గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో (జర్మన్, ఇంగ్లీషుల కుటుంబం) పాలకుణ్ణి 'రీక్స్' అంటారు. జర్మన్ 'రైష్' (రాజ్యం), ఇంగ్లీషు 'రిచ్' ఆ కుటుంబానివే (పాత ఇంగ్లీషులో రిచ్ అంటే ముందు అధికారం, డబ్బు తర్వాత). కానీ జర్మానిక్ భాషల్లో పాత 'ఏ' ఇలా 'ఈ' కాదు. అంటే ఈ మాట వాళ్ల సొంతం కాదు, పొరుగున ఉన్న కెల్టుల దగ్గర తెచ్చుకున్నదే. పైగా కెల్టిక్ మాట మూలరూపం 'రీగ్' కాస్తా జర్మానిక్‌లో 'రీక్' అయింది. కాబట్టి జర్మానిక్‌లో గకారం కకారంగా మారకముందే తెచ్చుకుని ఉండాలి.

ఇంకొకరు: మనకీ ఇలాంటిది ఉందిగా. 'రాజు' సంస్కృతం నుంచి నేరుగా వచ్చింది. కృష్ణదేవరాయల 'రాయ' ప్రాకృతం మీదుగా వచ్చింది. జకారం యకారమైంది చూస్తే దారి తెలిసిపోతుంది.

జవాబు: సరిగ్గా అదే పద్ధతండీ. ఒక్క జాగ్రత్త: చుట్టరికం 'రాజు' అనే మాటకే. తెలుగు ద్రావిడ భాష, కెల్టిక్‌తో దానికి సంబంధం లేదు. రిక్స్, రేక్స్‌ల ధాతువుకి 'తిన్నగా నడిపించడం' అని ఎక్కువమంది అర్థం చెబుతారు. లాటిన్ 'రెక్టుస్', సంస్కృత 'ఋజు' అక్కడివే. 'రాజన్'ని అందులో కలపడానికి మాత్రం కొందరు ఒప్పుకోరు.

ప్రశ్న: మరి రాణి?

జవాబు: గాల్ ప్రజలకి 'రిగని', ఐరిష్‌వాళ్లకి 'రీగన్', సంస్కృతంలో 'రాజ్ఞి'. మన 'రాణి' మళ్లీ ప్రాకృతం దారినే వచ్చింది, రాయల వెనకాలే.