ఆదివారం పిల్లల ఇంగ్లిష్ పదాల పోటీ: హాలు పోయింది, అందరూ వెంటనే చూడండి

పెదవాల్తేరు వదిన:
ఇప్పుడే హాలు కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఆదివారం ఇవ్వలేరట. ధనుర్మాసం కదా, పొద్దున తిరుప్పావై ప్రవచనం, మధ్యాహ్నం భజన బృందానికి మాటిచ్చేశారట. ముహూర్తాలు లేని నెల, హాలు ఖాళీగానే ఉంటుందనుకున్నాం. అడ్వాన్సు సంక్రాంతి వెళ్లాక ఇస్తారట. పోటీకని రాసుకున్న ప్రొజెక్టరు, స్క్రీను, మైకు, బ్యానరు అన్నీ ఆ హాలును నమ్ముకున్నవే.

మెల్‌బోర్న్ సెక్రటరీ:
ఇక్కడ అర్ధరాత్రి, ఇది చదివాక నాకింక నిద్ర ఎక్కడిది? మన పిల్లలందరూ సెలవులకని వైజాగ్ వచ్చేశారు, అమ్మమ్మల ఇళ్లల్లో ఆదివారం కోసమే ఎదురుచూస్తున్నారు. కాగితం మీద రాయించుకోలేదా వదినా?

పెదవాల్తేరు వదిన:
ఎన్నిసార్లు తిరిగానో నాకు తెలుసు. "మన హాలే కదమ్మా" అన్నారు. అక్కడ కూర్చుని కాగితం అడగడం సులువే. ఈసారి నువ్వొచ్చి రాయించుకో.

గాజువాక:
అక్కా, వదినా, మీ ఇద్దరూ ఆగండి. మా మేడ మీద రేకుల షెడ్డు ఉంది. అక్క పెళ్లికి వంటలు అక్కడే చేయించాం. నలభై మంది సుఖంగా పడతారు. కాకపోతే వైఫై పైదాకా అందదు, పగటి వెలుతురులో ప్రొజెక్టరు పెట్టినా ఏమీ కనపడదు.

డల్లాస్:
అయితే నా ప్రోగ్రాము సంగతి? అక్షరాలు కొడితే వాటితో వచ్చే పదాలన్నీ తెర మీద పడాలని రాత్రిళ్లు మేలుకొని రాశాను. ప్రతి పదంలో అక్షరాల్ని ఏ నుంచి జెడ్ వరసలో పేర్చి, దాన్నే కీ, అంటే పదాన్ని వెతికే గుర్తు, చేశాను. లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ నాలుగింటికీ కీ ఒకటే: ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టీ. అది లేకుండా ఇంకేం పోటీ? పాటలు పాడించి పంపించేయండి.

సీతమ్మధార మాస్టారు:
బాబూ, 1938లో ఈ అక్షరాల ఆట తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ దగ్గర ఏ ప్రోగ్రామూ లేదు. న్యూస్ పేపరు మొదటి పేజీ ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అదే తరవాత స్క్రాబుల్ అయింది. 100 బిళ్లల్లో ‘ఈ’లు 12, ‘ఏ’లు 9, ‘ఐ’లు 9, క్యూ ఒకటి, జెడ్ ఒకటి, రాయని బిళ్లలు 2. పూర్ణా మార్కెట్లో అట్టలు తెచ్చి అదే లెక్కన కోసుకుంటే సరిపోతుంది.

డల్లాస్:
మాస్టారూ, మీరు పెద్దవారు, మాట అనలేను. మరి పిల్లాడు చెప్పిన పదం తప్పో ఒప్పో ఎవరు తేలుస్తారు? మీరా?

సీతమ్మధార మాస్టారు:
నేనే తేలుస్తాను. పదం వెతకడం కష్టం కానీ, సరిచూడటం ఎంతసేపు? ఇచ్చిన అక్షరాల్ని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవడమే. పదం ఉందో లేదో డిక్షనరీ చెబుతుంది. అసలు తగువు ఇంకో దగ్గర వస్తుంది. "ఈ అక్షరాలున్న పదం" అని వదిలేస్తే పిల్లలు మూడు రకాలుగా అర్థం చేసుకుంటారు. ఆ అక్షరాలే అటూ ఇటూ మార్చి రాయాలా? అవి ఉంటే చాలు, పక్కన వేరేవి ఉన్నా పర్లేదా? లేక అదే వరసలో పక్కపక్కన రావాలా? మూడోది మా స్కూల్లో ఆడించేవాణ్ణి. ఎక్స్, వై, జీ అంటే ఆక్సిజన్. డబ్ల్యూ, కే, డబ్ల్యూ అంటే ఆక్‌వర్డ్. పిల్లలు జుట్టు పీక్కుంటారు, జవాబు తెలిశాక నన్ను తిడతారు. ప్రతి రౌండు ముందు ఏ రకమో బోర్డు మీద రాయండి, లేకపోతే పిల్లలకంటే ముందు తల్లిదండ్రులు కొట్టుకుంటారు.

మెల్‌బోర్న్ సెక్రటరీ:
రెండో రకం పెద్ద పిల్లలకు పెడదాం. మొదటిది చిన్నవాళ్లకి కష్టం కాదా మాస్టారూ?

సీతమ్మధార మాస్టారు:
ముందు తోకలు పక్కకి తీసిపెట్టమని చెప్పండమ్మా. ఈ, ఆర్ రెండూ ఉంటే చివర్లో పెట్టి మిగతావి కదపాలి. ఐ, ఎన్, జీ ఉంటే అంతే. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ ఇచ్చి చూడండి: రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్. ఒక్కటీ రాని పిల్లాడుండడు.

డల్లాస్:
పొద్దున కోపంలో ఏదో అనేశాను, పట్టించుకోకండి. ప్రశ్నలూ జవాబులూ ప్రింటు తీసేలా పంపిస్తున్నాను. ఊరి పేరు మీద ఒకటి పెట్టాను: వీ, ఐ, జెడ్, ఏ, జీ అయిదూ ఉన్న పదం. గాల్వనైజ్, విజువలైజింగ్, వోకలైజింగ్.

పెదవాల్తేరు వదిన:
మా వాడికి ఇచ్చాను. గాల్వనైజ్ చెప్పాడు గానీ ఎస్‌తో రాశాడు. వాళ్ల స్కూల్లో అలాగే నేర్పారు. ఇప్పుడు వాడిది తప్పంటే నేనొప్పుకోను.

మెల్‌బోర్న్ సెక్రటరీ:
ఇక్కడి పిల్లలూ ఎస్‌తోనే రాస్తారు. జెడ్‌తో రాసేది అమెరికా స్పెల్లింగు కదా.

డల్లాస్:
మళ్లీ అమెరికా మీద పడ్డారా!

సీతమ్మధార మాస్టారు:
ఒక్క అమెరికాదే కాదు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తీస్తే జెడ్‌తోనే ముందు రాస్తుంది. రెండూ చెల్లుతాయి, కానీ ప్రశ్న జెడ్ అడిగింది కాబట్టి ఎస్‌తో రాస్తే అక్షరం తగ్గుతుంది. "ఈ తోకను జెడ్‌తో కూడా రాయొచ్చు" అని ముందే చెప్పేస్తే గొడవుండదు.

గాజువాక:
మాస్టారూ, జీఐ రేకు అంటామే, జీ అంటే అదేనా? గాల్వనైజ్‌డ్ ఐరన్?

సీతమ్మధార మాస్టారు:
అదే. ఇనుము తుప్పు పట్టకుండా జింక్ పూత. జింక్ ఫ్యాక్టరీ ఉండిన మీ వైపు వాళ్లకి ఆ సంగతి నేను చెప్పాలా?

గాజువాక:
మరి మా షెడ్డు రేకులూ అవే. నెత్తిమీదే జవాబు! ఎండకని కింద షామియానా గుడ్డ కట్టిద్దామనుకున్నాను, ఇప్పుడు వద్దంటారా?

పెదవాల్తేరు వదిన:
కట్టించు బాబూ, పిల్లలు మాడిపోతారు. ఆ ప్రశ్న ఆఖర్న పెట్టి అప్పుడు గుడ్డ తీయించు.

డల్లాస్:
ప్రొజెక్టరు క్యాన్సిల్ చేశారా, లేదా?

మెల్‌బోర్న్ సెక్రటరీ:
అందరూ ఇటు చూడండి, బ్యానరు ఎవరు చేయిస్తున్నారు?

గాజువాక:
అట్టలు తెచ్చేశాను. మూడు గంటలకు ఎవరైనా కత్తెరలతో రండి, ఒక్కణ్ణే కోయలేను. ముంత మసాలా బండి అతనితో మాట్లాడాను, సామాన్లు మేడ మీదకి మోసుకొస్తానన్నాడు. మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకి కింద వరండాలో కుర్చీలు వేయిస్తున్నాను.