బర్క్‌లీలో జెన్నర్ ఇల్లు: అమ్మని తీసుకెళ్లొచ్చా?

బ్రిస్టల్ బుజ్జి:
అందరికీ నమస్తే. అమ్మా నాన్నా వేసవికి ఊరినుంచి వచ్చారు. లండన్ అయింది, బాత్ అయింది. "కోటలూ చర్చిలూ చాల్లేవే" అంటోంది అమ్మ. బ్రిస్టల్‌కి దగ్గర్లోనే మశూచి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ ఇల్లు మ్యూజియంగా ఉందట. ఆవిడకి 68, మోకాళ్ల నొప్పులు. ఎప్పుడో పోయిన డాక్టరు ఇల్లు చూస్తే ఆవిడకేం తోస్తుంది? టికెట్టు దండగా? అన్నట్టు ఆవిడ ముంజేతి మీద టీకా మచ్చలున్నాయి. నాకూ జబ్బ మీద ఒకటుంది, అదే కదా?

సెవర్న్ గట్టు:
బుజ్జి గారూ, పోయినేడు మా అత్తగారిని తీసుకెళ్లాను. ఊరి పేరు ఇక్కడివాళ్లు 'బార్క్‌లీ' అంటారు, దారి అడిగితే అలాగే అడగండి. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, కారైతే సుఖం. ఏడాది పొడవునా తెరవరు కాబట్టి రోజులు చూసుకుని బయల్దేరండి.

జెన్నర్ ఈ ఇల్లు 1785లో కొన్నాడు, 1823లో ఇక్కడే పోయాడు. పక్క చర్చిలోనే సమాధి. ఇంట్లో అద్దాల బీరువాలు చూస్తూ అత్తగారు ఆవలించారు, అబద్ధమెందుకు. పై అంతస్తుకి మెట్లున్నాయి, మీ అమ్మగారు ఎక్కకపోయినా నష్టం లేదు.

తోటలోకి మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. చెట్టు మొద్దులూ, బెరడుతో కట్టిన చిన్న గుడిసె ఉంది. పేదవాళ్లకి అక్కడే ఉచితంగా టీకాలు వేసేవాడట. పేరు మాత్రం 'టెంపుల్ ఆఫ్ వ్యాక్సీనియా', టీకా గుడి అన్నమాట! అత్తగారు చూసి "ఇదేం గుడి, మా మామిడితోట కాపలా పాక" అన్నారు. అక్కడే కూర్చోబెట్టి కథ చెప్పాను. పాలు పితికే సారా నెల్మ్స్ చేతికి బ్లాసమ్ అనే ఆవునుంచి పొక్కులొచ్చాయి. 1796 మే 14న జెన్నర్ ఆ రసి తీసి, తోటమాలి కొడుకు జేమ్స్ ఫిప్స్ చేతిమీద గీరి పెట్టాడు. వాడికి ఎనిమిదేళ్లు. జూలైలో అసలు మశూచి రసే ఎక్కించి చూస్తే వాడికి ఏమీ కాలేదు. ఇవాళైతే జైల్లో పెట్టేవాళ్లు!

నేను ఇంకా చెబుతుంటే ఆవిడ అడ్డొచ్చి, "పొదుగు మీద పొక్కులున్న గేదెను పితికితే మా పాలేరుకీ చేతులకి లేచేవి, ఇందులో వింతేముంది" అన్నారు. జెన్నర్‌కి దారి చూపించిందీ పాలు పితికేవాళ్లలో ఉన్న ఇలాంటి మాటే: ఆవు పొక్కులు లేచినవాళ్లకి మశూచి రాదని.

తర్వాత చీర కొంగు తీసి చేయి చూపించారు. రూపాయి బిళ్లంత మచ్చలు రెండు. బళ్లో వరసలో నిలబెట్టి, పళ్లున్న చిన్న బిళ్లని చేతికి ఆనించి గిర్రున తిప్పేవారట. పిల్లలు గడ్డివాముల్లో దాక్కునేవాళ్లట. పక్కింట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టడం, ఇంట్లో తాలింపు వేయకపోవడం, అన్నీ చెప్పారు. పదేళ్ల కాపురంలో ఈ కబుర్లు ఎప్పుడూ వినలేదు నేను.

పాత మైక్రోస్కోపు:
బుజ్జి గారూ, మీరు 80ల తర్వాత పుట్టి ఉంటే మీ జబ్బ మీదది బీసీజీ మచ్చ, క్షయకి వేసేది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో. 1980 మే 8న ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఇంకో మాట. బెంజమిన్ జెస్టీ అనే రైతు 1774లోనే భార్యకీ ఇద్దరు కొడుకులకీ ఆవు పొక్కుల రసి ఎక్కించాడు. పాపం, పేరంతా జెన్నర్‌కే. అయితే పరీక్షించి, 1798లో సొంత ఖర్చుతో పుస్తకం వేసి ఊరూరా పంచింది జెన్నరే. అసలు ఆయనకి బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో చోటిచ్చింది టీకా కూడా కాదు, కుకూ పక్షి పిల్ల తక్కిన పిల్లల్ని గూట్లోంచి తోసేస్తుందని రాసిన వ్యాసం!

బ్రిస్టల్ బుజ్జి:
శనివారం వెళ్లొచ్చాం. నాన్న సమాధి దగ్గర ఫొటోలు, అమ్మ గుడిసె దగ్గర గంట. నాది బీసీజీయేనట, అమ్మే నవ్వింది. అన్నీ విన్నాక "మరి ఆ ఆవేమైంది?" అంది. తోలు లండన్‌లో ఓ మెడికల్ కాలేజీలో పెట్టుకున్నారని చెప్పా. "అయ్యో, తోలు కూడా వదల్లేదా!" అంటూ ఇంటికొచ్చేదాకా అదే గోల.