కొట్టు కట్టేసే వేళకు ముందే భోజనం చేసే కిరాణా కుటుంబాలు ఉన్నాయా?

తెనాలి కోడలు:
తెనాలిలో స్టేషనుకు వెళ్లే దారిలో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. పెళ్లయి పదిహేడేళ్లయినా రాత్రిపూట అందరం కలిసి తిన్నది 2020 లాక్‌డౌన్‌లోనే. అప్పుడు పొద్దున పూటే అమ్మనిచ్చేవారు కాబట్టి సాయంత్రాలు ఖాళీ. మా అబ్బాయికి ఆవకాయ కన్నా మాగాయ ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది!

విజయవాడలో, గుంటూరులో పనిచేసి రైలు దిగేవాళ్లు ఏడు దాటాకే వస్తారు. గల్లాలో పది రూపాయలు పడితే ఆరు అప్పుడు పడేవే. మామగారు దీపం పెట్టి, సాంబ్రాణి వేసి, కాటాకు దండం పెట్టుకుని కూర్చుంటారు. ఆ తర్వాత సూదులు అడిగితే ‘రేపు పొద్దున రామ్మా’ అంటారు. మరమరాలు కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఏడు రాగానే ‘ఆరున్నొకటి’. ‘కొట్టు మూసేద్దామా’ అన్నానంటే ఆ పూట నాతో మాట్లాడరు, ‘కట్టేద్దామా’ అనాలి.

పావు తక్కువ పదికి కట్టేశాక చిట్టా మొదలు. ఫోనులో డబ్బు పడగానే పెట్టె అరుస్తుంది కదా, మామగారు దాన్ని నమ్మరు. కళ్లద్దాలు సర్దుకుని తనే రాసుకుంటారు. రాత్రికి పెట్టె లెక్కా, చిట్టా లెక్కా కలవాలి. మొన్న ఇరవై రూపాయల తేడా కోసం పదకొండు దాకా కూర్చున్నాం. ఆయన కాఫీకి లోపలికి వెళ్లినప్పుడు నేను అమ్మిన కర్పూరం డబ్బా అది. రాయడం మరిచింది నేనే, పైకి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

అబ్బాయి పదో తరగతి. తొమ్మిదికే కట్టేస్తే బేరాలు పోతాయా? ఎవరైనా చేసి చూశారా?

చీరాల బట్టల కొట్టు:
మేం చేశామండీ, ఆషాఢంలో. ఎలాగూ పెళ్లిళ్లు లేని నెల. శ్రావణం రాగానే మళ్లీ పదిన్నర. అయినా మా అసలు పని షట్టరు దించాకే. ఒకావిడ నలభై చీరలు విప్పించి, చివరికి ఒక ఫాల్ కొనుక్కుని వెళ్తారు. అవన్నీ మళ్లీ మడతలు పెట్టాలి. ఒక్క మాట: బట్టలకైతే రేపు వస్తారు, పప్పుకు రేపటి దాకా ఎవరాగుతారు? రైలు దిగినవాళ్లు పక్క కొట్టుకు అలవాటు పడితే మళ్లీ తిప్పుకోవడం కష్టం.

ఖమ్మం ఇనుప సామాన్లు:
తొమ్మిదా పదా అన్నది వదిలేయండి. వారానికొక రోజు పూర్తిగా కట్టేయండి. 1988 నాటి దుకాణాల చట్టంలోనే వారపు సెలవు ఉంది. మాకు తాపీ మేస్త్రీలు పొద్దున్నే వస్తారు, ఏడు దాటితే ఈగలు తోలుకోవడమే. అందుకే ఇలా తేలిగ్గా చెబుతున్నానని మీరు అనుకుంటే, అదీ నిజమే.

కొట్టు వెనక పెరిగినవాడు:
అక్కా, నేను గోనెసంచి మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాడిని. పురికొస లాగి పొట్లం కట్టడం చేతికి ఇంకా గుర్తుంది, ఎక్కాలే మరిచిపోయాను. మీరు మామగారి మాట చెప్పారు, బేరాల మాట చెప్పారు. అబ్బాయిని అడిగారా?

తెనాలి కోడలు:
అడిగాను తమ్ముడూ. ‘తొమ్మిదికి కట్టొద్దమ్మా, ఎనిమిదిన్నరకు కొట్టులోనే తిందాం’ అన్నాడు. కొట్టులో ఎంగిలి కూడదని మామగారు ఒప్పుకోలేదు. చివరికి తెర పక్కకు లాగి గడపకు ఇవతల కూర్చున్నాం. గల్లా కనబడేలా ఆయనకు బల్ల వేశాం. నాలుగు ముద్దలు తిన్నామో లేదో, ఒకాయన కిలో గోధుమపిండి కావాలంటూ వచ్చారు. మా వారు లేవబోతే, ‘తినరా, ఆయన ఆగుతాడులే’ అన్నారు మామగారు. నేను నమ్మలేకపోయాను.

ఆయన ఆగలేదు, వెళ్లిపోయారు. రాత్రి చిట్టా చూసేటప్పుడు ఆ కిలో పిండిని మామగారు రెండుసార్లు గుర్తు చేశారు.