తమ్ముడి ఎం.ఆర్.ఐ. రిపోర్టులో ఒక లైను చూసినప్పటి నుంచి నిద్ర లేదు

కావలి అక్క:
మాది కావలి. మా తమ్ముడికి 24 ఏళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నట్టుండి కాలేజీ మానేశాడు. పక్కింటివాళ్ళు గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని ఫ్యాన్ ఆపేసి రాత్రంతా చెవి ఒగ్గి వినేవాడు. తాయెత్తులు, దిష్టి తీయించడాలు అంటూ నాలుగు నెలలు పోగొట్టాం. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. చివరికి నెల్లూరులో సైకియాట్రిస్టుకి చూపిస్తే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అన్నారు. మాత్రలతో ఇప్పుడు చాలా నయం. నిద్రపోతున్నాడు, నాన్నతో అంగట్లో కూర్చుంటున్నాడు.

మొన్న పాత ఫైలు సర్దుతుంటే అప్పటి ఎం.ఆర్.ఐ. రిపోర్టు కనబడింది. మెదడులో లేటరల్ వెంట్రికల్స్ అనే గదులు కొంచెం పెద్దవిగా ఉన్నాయని అందులో రాసుంది. డాక్టరుగారు అప్పుడు ‘గడ్డలూ అవీ ఏం లేవు’ అని పక్కన పెట్టేశారు. నేను ఫోన్లో వెతికితే మెదడు కుంచించుకుపోవడం, 80 శాతం వంశపారంపర్యం అని వచ్చింది.

మా అమ్మానాన్నలది మేనరికం. ‘నా కడుపే వాడికి శత్రువైంది’ అని అమ్మ ఏడుస్తుంది. నాకు ఆరేళ్ళ బాబు. అచ్చం మేనమామ పోలికే. వాడు బొమ్మలతో ఒక్కడే మాట్లాడుకుంటుంటే నా గుండె జారిపోతోంది. ఉమ్మి పంపితే జీన్ టెస్టు చేస్తామని ఒక ప్రకటన చూశాను, చేయించమంటారా? చెప్పుకోడానికి బాధగా ఉంది గానీ, నెల నుంచి బాబుని తమ్ముడి పక్కన పడుకోనివ్వడం లేదు.

చీమకుర్తి కవల:
అక్కా, మేం కవలలం. ఒకే అండం నుంచి పుట్టినవాళ్ళం. చిన్నప్పుడు మా మొలతాళ్ళ రంగు చూసి అమ్మ గుర్తుపట్టేది. నాకంటే పది నిమిషాలు చిన్నోడికి 19వ ఏట ఈ జబ్బొచ్చింది. ఇప్పుడు మాకు 38. నాకు రాలేదు. కానీ ముప్పై దాటేదాకా ప్రతి రాత్రీ పడుకునే ముందు నా చెవుల్లో ఏమైనా వినబడుతోందా అని చూసుకునేవాణ్ణి. అందుకే మీ భయం నాకు తెలుసు.

నాకు ధైర్యం ఇచ్చిన విషయం ఒకటి చెప్తా. 1990లో అమెరికాలో మాలాంటి కవలల్ని 15 జతలు తీసుకుని ఎం.ఆర్.ఐ. తీశారు. ప్రతి జతలో ఒకరికే జబ్బు. జ్ఞాపకాలకి పనికొచ్చే హిప్పోకాంపస్ అనే భాగం ఎడమవైపు 14 జతల్లో జబ్బున్నవాళ్ళకే చిన్నదిగా ఉంది. వెంట్రికల్స్ కూడా ఎక్కువమందిలో వాళ్ళకే పెద్దవి. పుట్టుకతో వచ్చిన జీన్లు ఇద్దరికీ ఒకటే, మెదళ్ళు మాత్రం ఒకటి కాదు. మాలాంటి కవలల్లో ఒకరికి వస్తే రెండోవాళ్ళకి దాదాపు సగం మందికే వస్తుంది. అంతా జీన్ల చేతిలోనే ఉంటే నేనీపాటికి ఇది రాస్తూ ఉండేవాణ్ణి కాదు.

పొదలకూరు డాక్టర్:
నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. ముందుగా ఆ 80 శాతం గురించి. అది మీ బాబుకి వచ్చే అవకాశం కాదు. జనంలో కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో ఉన్న తేడాలో జన్యువుల వాటా ఎంత అని చెప్పే లెక్క అది. మామూలుగా నూటికి ఒకరికి ఈ జబ్బు వస్తుంది. మేనమామకి ఉంటే నూటికి ముగ్గురు నలుగురికి. అంటే నూటికి 96 మంది బాగానే ఉంటారు.

వెంట్రికల్స్ అంటే మెదడు లోపల నీరుండే గదులు. ఈ జబ్బులో అవి పెద్దవిగా ఉంటాయని 1976లోనే లండన్‌లో సి.టి. స్కాన్లతో చూశారు. 2016లో రెండు వేల మందికి పైగా రోగుల స్కాన్లు కలిపి చూస్తే హిప్పోకాంపస్, థాలమస్ అనే మెదడు లోపలి భాగాలు సగటున చిన్నవిగా కనిపించాయి. సగటున అన్న మాట గట్టిగా పట్టుకోండి. జబ్బు లేనివాళ్ళలో కూడా పెద్ద వెంట్రికల్స్ ఉన్నవాళ్ళు బోలెడుమంది. స్కాన్ చూసి ఈ జబ్బు ఉందని మేం చెప్పలేం. వేరే కారణమేదీ లేదని తేల్చుకోడానికే తీయిస్తాం. మీ డాక్టరుగారు చేసిందీ అదే.

జన్యువుల్లో కూడా ఒక్క దోషి లేదు. ఈ జబ్బుతో ముడిపడ్డ చోట్లు జన్యువుల్లో 2014లో 108 దొరికాయి, 2022 నాటికి 287 అయ్యాయి. ఒక్కో చోటిదీ చిటికెడు ప్రభావం. వాటిలో బాగా అర్థమైంది సి4 అనే జన్యువు. మాకు నిమ్మతోట ఉంది కాబట్టి నాకు తోచినట్టు చెప్తాను. చెట్టుకి నీరుకొమ్మలు కత్తిరించినట్టు, ఎదిగే వయసులో మెదడు తనకి అక్కర్లేని నరాల కలయికల్ని తీసేసుకుంటుంది. వేటిని తీయాలో గుర్తుపెట్టే పనిలో సి4కి పాత్ర ఉంది. అది ఎక్కువగా పనిచేసేవాళ్ళలో కత్తెర కాయకొమ్మల మీద కూడా పడుతుందేమోనని 2016లో వచ్చిన పరిశోధన సూచించింది. జబ్బు ఎక్కువగా ఇరవైల దగ్గర బయటపడటం కూడా దీనికి సరిపోతుంది. కానీ అదే ఏడాది ఇంకో పెద్ద పరిశోధన, జబ్బు జన్యువులకీ మెదడు లోపలి భాగాల సైజుని నడిపే జన్యువులకీ పెద్దగా పొంతన లేదని తేల్చింది. కాబట్టి ‘ఈ జన్యువు, స్కాన్‌లో ఈ తేడా, ఈ జబ్బు’ అని గీత గీయడం కుదరదు.

ఆ ఉమ్మి టెస్టుకి డబ్బు పెట్టకండి. జబ్బు వచ్చే అవకాశం ఎంతని అందులో ఇచ్చే స్కోర్లు చాలావరకు యూరప్ వాళ్ళ లెక్కల మీద కట్టినవి, మనవాళ్ళకి సరిగా అతకవు. వచ్చే ఫలితంతో బాబుకి చేయగలిగింది కూడా ఏమీ ఉండదు. ఆరేళ్ళవాడు బొమ్మలతో మాట్లాడటం ఆట. పదమూడేళ్ళ లోపు ఈ జబ్బు చాలా అరుదు. కాలేజీ వయసులో గంజాయి జోలికి పోకుండా చూసుకోండి, అది నిజంగా మీ చేతిలో ఉన్న పని. అమ్మగారితో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి. ఇన్ని వందల జన్యువుల్లో, ఇన్ని కారణాల్లో ఆ పెళ్ళి ఒక్కదాన్ని పట్టుకుని నేరం మోపడం న్యాయం కాదు.

కందుకూరు వదిన:
మా మరిదికి నయమైందని మాత్రలు మేమే ఆపేశాం. మూడు నెలలకి మళ్ళీ మొదటికొచ్చింది. రిపోర్టు బీరువాలో పెట్టేసి మాత్రల డబ్బా చూసుకో అమ్మా.

కావలి అక్క:
అందరికీ దండాలు. డాక్టరుగారు రాసింది అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. ఏం అనలేదు, కానీ ఆ రాత్రి అన్నం తినింది. మా ఆయనకీ చెప్పేశాను. నిన్న బాబు మేనమామ పక్కనే పడుకున్నాడు. చీమకుర్తి తమ్ముడూ, ఒక్క మాట అడగనా? మీ వాడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

చీమకుర్తి కవల:
గ్రానైట్ ఫ్యాక్టరీలో లారీల లెక్కలు రాస్తాడక్కా. నెలకోసారి ఇంజెక్షన్‌కి నేనే ఒంగోలు తీసుకెళ్తా. వచ్చేప్పుడు మాత్రం బండి వాడే నడుపుతాడు.